ఎడమ దెబ్బ

తెల్ల చేతి తొడుగులు వేసుకుని డ్రమ్ము కొట్టేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చులకనే. మా సూరత్‌లో మార్చి వచ్చిందంటే నీడలో నిలబడ్డా వీపు తడుస్తుంది. అలాంటి ఊళ్ళో మెడ దాకా బొత్తాలున్న కోటు, నెత్తిన ఈకల టోపీ, కాళ్ళకు తెల్ల బూట్లు. ఆ వేషంలో ఒక మంద మైదానంలో బారులు తీరుతుంది. కుడికి తిరుగుతారు, ఎడమకు తిరుగుతారు, బ్యూగిళ్ళు ఊదుతారు, డ్రమ్ములు కొడతారు, చివరికి ఎవరో ఒక ముసలాయన లేచి మార్కులు వేస్తాడు. దీన్ని డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్ అంటారు. పెళ్ళి బ్యాండువాళ్ళు ఇదే పని ఇంతకన్నా హుషారుగా చేస్తారు, పైగా వాళ్ళెవరూ తమను కళాకారులమని చెప్పుకోరు. ఇంత వెటకారం చేసేదాన్ని, పదిహేడేళ్ళప్పుడు ఆ కోటు కోసం ఆరు నెలలు ప్రాణం పెట్టాను. ఆ సంగతి దాచి రాస్తే ఇందులో నిజమేమీ మిగలదు.

ఇప్పుడు నేను పల్సానా దారిలో ఒక ప్రైవేటు బడిలో బ్యాండు టీచర్ని. ప్రతి జూన్‌లోనూ తల్లులు పిల్లల్ని వెంటేసుకుని దిగుతారు. మా వాడికి తాళం పుట్టుకతోనే ఉంది బేన్, అంటే అక్కా, అంటారు. గిన్నె మీద గరిటెతో కొడతాడట, అదీ సాక్ష్యం. అంతటితో ఆగక, మీరు ఏ కోర్‌లో వాయించారు అని నన్ను అడుగుతారు. ఎందులోనూ లేదంటే మొహాల్లోకి ఒక జాలి వస్తుంది. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పూర్తి జవాబు చెప్పాలంటే మా బాపు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అంత వినే ఓపిక వాళ్ళకుంటే పిల్లల్ని నా మీదికి తోలరు.

బాపు అంటే మా నాన్న. తెలంగాణ నుంచి సూరత్ వచ్చి లింబాయత్‌లో సాంచాలు నడిపేవాడు. సాంచ అంటే మరమగ్గం. మా సేటు కార్ఖానాలో పదహారు సాంచాలుండేవి. ఎనిమిది బాపువి, ఎనిమిది ఇంకో పనివాడివి. ఏ సాంచ మొరాయించినా బాపునే పిలిచేవారు. ఆయన దాని పక్కన నిలబడి, కళ్ళు ఎటో పెట్టి, కాసేపు వినేవాడు. తరవాత నేరుగా వెళ్ళి చెడిపోయిన చోటే చెయ్యి పెట్టేవాడు. నేను దీన్ని గొప్ప విషయంగా ఎన్నడూ అనుకోలేదు. కార్ఖానా మీది గదిలో కాపురముండేవాళ్ళకు ఆ మోత గాలి లాంటిది, దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

నా డ్రమ్ము సంగతి మునిసిపాలిటీవారి తెలుగు బడిలో మొదలైంది. అక్కడ ఉన్నది ఒక్క సైడ్ డ్రమ్ము. పైన పగిలితే టేపు అంటించారు. పీటీ సారుకు తెలిసినవి రెండు దెబ్బలు, రెండూ నాకు నేర్పాడు. జనవరి ఇరవై ఆరున ఆ రెండు దెబ్బలూ వాయిస్తూ వీధిలో నడిస్తే గల్లీ అంతా నన్ను నెత్తిన పెట్టుకుంది. నాకు కళ్ళు నెత్తికెక్కడానికి అది చాలింది. పన్నెండో తరగతికి వచ్చేసరికి నన్ను మించిన డ్రమ్మరు తాపీ నదికి ఇటు పక్క లేడని నా నమ్మకం. అటు పక్కవాళ్ళను నేను మనుషుల కింద లెక్కేసేదాన్ని కాదు.

కోర్ పెట్టింది వేసు అనే డబ్బున్నవాళ్ళ పేటలో ఉండే ఒక చీరల వ్యాపారి కొడుకు. విదేశంలో చదవడానికి వెళ్ళి, అక్కడ కోటు టోపీలవాళ్ళను మైదానంలో చూసి మతి పోగొట్టుకుని, తిరిగొచ్చి ఇక్కడ మొదలుపెట్టాడు. తనను అందరూ డైరెక్టర్ అని పిలవాలన్నాడు, పిలిచారు. దేశంలో ఎక్కడ పోటీ జరిగినా వెళ్ళేవారు. సైడ్ డ్రమ్ము వరుసలో రెండు ఖాళీలున్నాయని, ఆడిషన్ పెడుతున్నామని ఒక ఏడాది కాగితాలు పంచారు. కోర్‌లో చేరినవాళ్ళకు డైరెక్టర్ బంధువుల కాలేజీలో సీటు ఇస్తామని ఆ కాగితంలో ఉంది.

ఆ ఒక్క వాక్యమే నన్ను పట్టుకుంది. మా అమ్మ అప్పటికే గల్లీ చివర లేసు పనిచోట నా గురించి మాట్లాడి పెట్టింది. పన్నెండు అయిపోగానే చీరల అంచులకు లేసు కుట్టాలి. ఆ గదిలో పొద్దున కూర్చున్న ఆడవాళ్ళు సాయంత్రం లేచేటప్పుడు నడుము పట్టుకుని లేచేవారు. అలా లేవడం నాకు ఇష్టం లేదు. అమ్మతో కొట్లాడి ఆరు నెలలు గడువు అడిగాను.

"ఢోలు గొట్టి ఏం జేస్తవే?" అంది అమ్మ.

"సదువుకుంట."

"సరే, ఆర్నెల్లు. గండ్ల రాకుంటె మల్ల నోరు తెర్వొద్దు," అంది. బాపు ఏమీ అనలేదు. మా ఇంట్లో ఆయన ఏమీ అనకపోవడం ఒప్పుకోవడం కిందే లెక్క.

ఆడిషన్‌కు ఆరు నెలల ముందు వేసులో ఒక రోజు తరగతి పెట్టారు. వెళ్ళాను. డైరెక్టర్ చల్లటి గదిలో గంటసేపు మాట్లాడాడు. క్రమశిక్షణ అన్నాడు, కల అన్నాడు, మనమంతా ఒక కుటుంబం అన్నాడు. అంత కుటుంబమైతే గేటు దగ్గర మా చెప్పులు చూసి వాచ్‌మన్ ఎందుకు ఆపాడో చెప్పలేదు. నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. రబ్బరు ప్యాడు, కొత్త కర్రలు, మెడలో చిన్న తువాలు. వెనక కుర్చీలో వాళ్ళమ్మ నీళ్ళ సీసా పట్టుకుని, కూతురికి దాహం వేస్తుందేమోనని చూస్తూ కూర్చుంది. డ్రమ్ము వాయించడానికి వచ్చిందో ఆపరేషన్‌కు వచ్చిందో తెలియని వాలకం.

తరవాత నేర్పే ఆయన వచ్చాడు. మిలిటరీ బ్యాండులో హవల్దారుగా చేసి రిటైరయినవాడు. పొట్టి మనిషి, చొక్కా ఇస్త్రీ కూడా సరిగా లేదు. డ్రమ్ము ఇంకా తేలేదంటే, ఒక చెక్క కుర్చీ తిప్పి పెట్టి, దాని మీద కర్రలతో కుడి ఎనిమిది, ఎడమ ఎనిమిది కొట్టాడు. అంతే. ఏ చెయ్యి ఎప్పుడు మారిందో తెలియలేదు. అప్పటిదాకా నాకు కాలేజీ సీటు కావాలి. ఆ కుర్చీ మీది దెబ్బలు విన్నాక నాకు అలా వాయించడం కావాలి. ఇష్టమంటే ఇంత సిగ్గు లేకుండా ఉంటుందని అప్పుడే తెలిసింది.

అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి హవల్దార్ సారు హిందీలో ఒకే మాట చెప్పాడు. "మెట్రోనోమ్ లేకుండా కర్ర ముట్టుకోవద్దు. ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. రోజూ, మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా దానితోనే."

మెట్రోనోమ్ అంటే సమానంగా టిక్కు టిక్కుమంటూ తాళం చూపించేది. పక్కనమ్మాయి అప్పుడే ఫోన్ తీసి ఆన్ చేసేసింది. నేను లోపల నవ్వుకున్నాను. ఎనభై గడియారాలు మోగినా తాళం తెలియని మొహాలు, వీళ్ళకు టిక్కు కావాలి. పదహారు సాంచాల మధ్య పుట్టి పెరిగినదాన్ని, నాకొకరు టిక్కు చూపించాలా? మా ఇంట్లో ఉన్నది బాపు బటన్ ఫోన్ ఒక్కటే, నిజమే. కానీ పక్కింటి అక్కను అడిగితే తన ఫోన్ ఇచ్చేది. నేను అడగలేదు.

మరుసటి రోజు నుంచి సాధన మొదలుపెట్టాను. బాపు సాంచది పాత రబ్బరు బెల్టు ముక్క కోసి చెక్కకు మేకులతో కొట్టి ఇచ్చాడు, అది నా ప్యాడు. మధ్యాహ్నం సేటు మార్కెట్టుకు పోయాక కార్ఖానాలోకి దిగేదాన్ని. కిటికీ పక్కన చివరి సాంచ దగ్గర కొంచెం చోటుండేది, గాలి కూడా వచ్చేది. ఆ సాంచనే పట్టుకున్నాను. సాంచలో దారం మోసుకుపోయే నాడెను రెండు వైపులా తోలు పట్టీలతో కట్టిన రెండు కర్రలు విసురుతుంటాయి. కుడి కర్ర కొడితే నాడె ఎడమకు పోతుంది, ఎడమ కర్ర కొడితే కుడికి వస్తుంది. కుడి దెబ్బ, ఎడమ దెబ్బ. హవల్దార్ సారు కాగితంలో మొదటి పాఠం కూడా అదే, ఒకటి కుడి, ఒకటి ఎడమ. వేగం కూడా దాదాపు కలిసింది. వేసు పిల్లలు ఫోన్లు చెవులకు తగిలించుకుని కూర్చుంటే నాకు సేటు ఖర్చుతో కరెంటు మీద నడిచే ఇనుప గురువు దొరికాడని మురిసిపోయాను. ఈ రహస్యం ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలు అలా గడిచాయి. చేతులు తేలికయ్యాయి. నిలబడి, కాళ్ళు ఉన్నచోటే మార్చింగ్ చేస్తూ, గంట ఆపకుండా వాయించగలిగేదాన్ని. సాంచకూ నాకూ వెంట్రుకంత తేడా ఉండేది కాదు. అది ఆగితే నా చేతులూ ఆగేవి. బాపు అప్పుడప్పుడు పక్క సాంచకు దారం కండె మారుస్తూ నా వైపు చూసేవాడు. తల కొంచెం వంచి, సాంచాలను వినేటప్పుడు వినే పద్ధతిలోనే వినేవాడు. ముచ్చటపడుతున్నాడనుకుని నేను ఇంకాస్త గట్టిగా వాయించేదాన్ని.

ఒక మధ్యాహ్నం దిగేసరికి సాంచ మోత మారింది. ప్యాడు మీద కర్ర పెట్టగానే చేతులు తడబడ్డాయి. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ తప్పింది. ఎడమ చెయ్యి లేవకముందే సాంచ ఎడమ దెబ్బ పడిపోతోంది, ఎవరో నా కంటే ముందు నా మాట అనేస్తున్నట్టు. చూస్తే బాపు చేతులకు నూనె. దారం చెత్తతో తుడుచుకుంటున్నాడు. ఆ మోతలో మాటలు వినపడవు, సాంచాలవాళ్ళు పెదవులతో, చేతులతో మాట్లాడుకుంటారు. నేను బయటికి రమ్మని సైగ చేశాను. గుమ్మం పక్కన నీళ్ళ కుండ దగ్గరికి వచ్చాడు.

"సాంచను ఏం జేసినవ్ బాపూ?"

"ఎడమ దిక్కు తోలు పట్టీ సాగింది బిడ్డా. దెబ్బ జర లేటు వడుతుండె. గుంజి కట్టిన."

"ఎవలు గట్టుమన్నరు నిన్ను?"

"లేటు వడుతె నాడె సక్కగ పోదు గద."

"నాకు మంచిగుండె. మూడు నెల్ల సంది దాంతోని కొడుతున్న. ఇప్పుడు అంత ఖరాబ్ జేసినవ్."

బాపు నా చేతుల వైపు చూశాడు. "నీ ఎడమ చెయ్యి గూడ జర..." అని మొదలుపెట్టాడు.

నేను పూర్తి చెయ్యనివ్వలేదు. "నీకేమెర్క బాపూ పాట సంగతి? నీకు గుడ్డ నేసుడు తప్ప ఏమెర్క?" అన్నాను.

అన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. కోపంలో జారిన మాట అని ఇప్పుడు సర్ది చెప్పుకోవచ్చు, కానీ అది అబద్ధం. ఆ మాట నేను నమ్మే అన్నాను. వేసు డైరెక్టర్‌ను చూసి నవ్వాను, టేపు అంటించిన డ్రమ్ము ఇచ్చిన పీటీ సారును చూసి నవ్వాను, అదే వరుసలో మా బాపు కూడా ఉన్నాడు. తేడా ఒక్కటే, ఆయనకు మొహం మీదే చెప్పాను. బాపు కుండలో గ్లాసు ముంచి నీళ్ళు తాగాడు.

"సరే తియ్యి. ఎప్పటి లెక్కనే వెడ్త," అన్నాడు.

లోపలికి వెళ్ళి సాంచ ఆపి, ఎడమ పట్టీ మళ్ళీ వదులు చేశాడు. నేను పక్కన నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం అని వేలితో చూపించాను. పాత మోత సరిగ్గా వచ్చాక చెయ్యెత్తి చాలన్నాను. పట్టీ వదులు చెయ్యమని కూతురు అడిగితే చేసిన సాంచ మనిషి ఆ లింబాయత్ మొత్తంలో ఇంకొకడు ఉండడు.

పట్టీ వదులైతే ఏమవుతుందో ఆ మిగిలిన మూడు నెలలూ నా కళ్ళ ముందే కనిపించింది. ఎడమ దెబ్బకు బలం చాలక నాడె సగంలో చిక్కుకునేది, సాంచ ధబ్బుమని ఆగేది. బాపు వచ్చి నాడెను చేత్తో తోసి, మళ్ళీ నడిపించేవాడు. ఆగిన ప్రతిచోటా గుడ్డ మీద అడ్డంగా ఒక గీత పడేది. సేటు గుమాస్తా ఆ గుడ్డ పట్టుకొచ్చి బాపు మొహం ముందు ఆడించి గుజరాతీలో తిట్టిపోసేవాడు. ఇరవై ఏళ్ళ పనివాడివి, కళ్ళు పోయాయా అన్నాడు ఒకసారి. బాపు నా వైపు చూడను కూడా చూడలేదు. ఆ తరవాత మధ్యాహ్నాలు తన ముక్కాలి పీట తెచ్చి ఈ సాంచ పక్కనే వేసుకున్నాడు. నాడె తడబడినప్పుడల్లా ఆగకముందే చెయ్యి అందించేవాడు. మిగతా ఏడు సాంచాలకు లేచి పరుగెత్తి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. నేను వాయిస్తూనే ఉన్నాను. గుమాస్తా మొహం, వాడి గుడ్డ, వాళ్ళ గొడవ నాకెందుకనుకున్నాను.

ఆడిషన్ రోజు పొద్దున అమ్మ అరువు తెచ్చిన తెల్ల బూట్లు వేసుకుని బస్సెక్కాను. బూట్లు ఒక సైజు పెద్దవి, ముందు గుడ్డ పీలికలు కుక్కాను. బాపు కార్ఖానా గుమ్మంలోంచి చెయ్యి ఊపాడు. వేసు మైదానంలో షామియానా వేశారు. రెండు ఖాళీలకు అరవై మంది దాకా ఉన్నారు, వాళ్ళకు రెట్టింపు తల్లిదండ్రులు. ఒక తండ్రి కొడుకు మణికట్లకు నూనె రాస్తున్నాడు. తువాలు అమ్మాయి వచ్చింది, వాళ్ళమ్మ కూడా సీసాతో వచ్చింది. ఆ అమ్మాయి ఒక మూల నిలబడి, చెవిలో టిక్కు పెట్టుకుని, బొమ్మలా కర్రలు ఆడిస్తోంది. నేను చెట్టు నీడలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. నాకు చివరి నిమిషంలో సాధన చెయ్యాల్సిన ఖర్మేమిటని అందరికీ కనపడాలి కదా.

నా వంతు వచ్చింది. బల్ల వెనక డైరెక్టర్, పక్కన హవల్దార్ సారు. మెడకు డ్రమ్ము తగిలించారు, తోలు కొత్తది, టేపు లేదు. బల్ల మీద చిన్న స్పీకరు పెట్టి మెట్రోనోమ్ మొదలుపెట్టారు.

"నెమ్మదిగా. ఒకటి కుడి, ఒకటి ఎడమ. కాళ్ళు ఆగకూడదు," అన్నాడు హవల్దార్ సారు.

వాయించాను. పది దెబ్బలు పడ్డాయో లేదో, స్పీకరులోని టిక్కు నాకు కుంటుతున్నట్టు వినిపించింది. కుడి చేతి దగ్గర కలుస్తోంది, ఎడమ చేతి దగ్గర తొందరపడుతోంది. మళ్ళీ కలుస్తోంది, మళ్ళీ తొందరపడుతోంది. వేసువాళ్ళ సామాను కదా, పైన మెరుగు, లోపల డొల్ల అనుకున్నాను. చేతులు ఆపేశాను.

"సార్, మీ మెట్రోనోమ్ ఖరాబైంది," అన్నాను.

డైరెక్టర్ పకపకా నవ్వాడు. షామియానా కింద తల్లులు కూడా నవ్వారు. హవల్దార్ సారు నవ్వలేదు. స్పీకరు కట్టేసి, అది లేకుండా వాయించమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. రెండు నిమిషాలు వాయించనిచ్చాడు, మిగతావాళ్ళెవరికీ అంతసేపు ఇవ్వలేదు. ఫోన్‌లో రికార్డు చేశాడు. తరవాత దగ్గరికి పిలిచి, నా వాయింపు పెట్టి, దాని పక్కనే టిక్కు పెట్టి వినిపించాడు.

బయటి నుంచి వింటే తెలిసింది. కుడి దెబ్బ నిలబడి ఉంది. ఎడమ దెబ్బ ప్రతిసారీ ఆలస్యం. నడిచే మనిషి ఒక కాలు ఈడ్చుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది నా వాయింపు.

"బేటా," అన్నాడు హవల్దార్ సారు, "తప్పులు అందరూ చేస్తారు. ఒకసారి ముందు పడుతుంది, ఒకసారి వెనక పడుతుంది. నీది ప్రతిసారీ ఒకే చోట, సరిగ్గా అంతే వెనక. తప్పును ఇంత కచ్చితంగా వాయించినవాళ్ళను నా సర్వీసు మొత్తంలో చూడలేదు. నీకు ఎవరు నేర్పారు?"

నా కళ్ళ ముందు కిటికీ పక్క సాంచ, ముక్కాలి పీట, దాని మీద బాపు కనిపించారు.

"ఎవరూ నేర్పలేదు సార్," అన్నాను.

"చెయ్యి మంచిది," అన్నాడాయన. "చెవిని ఏదో పాడు చేసింది. బాగుచేసుకుని వచ్చే ఏడాది రా."

నా తరవాత తువాలు అమ్మాయి వాయించింది. ఆ వాయింపులో ఉప్పూ లేదు, కారమూ లేదు. ఇప్పటికీ ఆ మాటే అంటాను. కానీ సమానంగా ఉంది, టిక్కులో దాక్కుని కనపడకుండా పోయింది. సాయంత్రం చదివిన రెండు పేర్లలో ఆమెది ఒకటి. వాళ్ళమ్మ సీసా మూత తీసి ఇచ్చింది.

వచ్చే ఏడాది నేను వెళ్ళలేదు. గడువు గడువే అంది అమ్మ, లేసు గదిలో కూర్చున్నాను, నడుము పట్టుకుని లేవడం నేర్చుకున్నాను. మూడేళ్ళకు డైరెక్టర్‌కు ఈకల టోపీల మీద మోజు తీరి గుర్రాల మీదికి మళ్ళింది. కోర్ మూతపడింది, కోట్లు ఏ గోదాములో చెదలు పట్టాయో తెలియదు. హవల్దార్ సారు ఒక బడిలో చేరి, మానేసేటప్పుడు తన చోట ఒకరు కావాలంటే, నా కచ్చితమైన తప్పు గుర్తుండి నా గల్లీ వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి నేను పక్కింటి అక్క ఫోన్ అడిగి తెచ్చుకుని ఎడమ చెయ్యి సరిచేసుకున్నాను. ఇప్పుడు నేను చేస్తున్నది ఆ ఉద్యోగమే. మా కార్ఖానా సాంచాలను తుక్కు కింద లారీకెత్తారు, అక్కడ ఇప్పుడు నీళ్ళతో నడిచే కొత్త మగ్గాలున్నాయి. వాటికి నాడెలు లేవు.

ఇవన్నీ సులువుగానే రాశాను. ఆడిషన్ నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం సంగతి మాత్రం రాయబుద్ధి కాక చివరికి నెట్టాను.

బస్సు దిగి నేరుగా కార్ఖానాకు వెళ్ళాను. బాపు కిటికీ పక్క సాంచ దగ్గర పీట మీద ఉన్నాడు. నేను లేని రోజు కూడా పట్టీ వదులుగానే ఉంది, ఆ రోజు కూడా నాడెకు చెయ్యి అందిస్తూనే ఉన్నాడు. నన్ను చూసి గడ్డం ఎత్తి ఏమైందని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. లేచి నీళ్ళ కుండ దగ్గరికి వచ్చాడు, గ్లాసు ముంచి నాకిచ్చాడు.

"ఎడమ చెయ్యి లేటు వడుతుందట," అన్నాను.

బాపు ఆశ్చర్యపోలేదు. "అవు బిడ్డా," అన్నాడు.

"నీకెర్కనా?"

"ఇనవడుతది గద. సాంచ ఎట్ల గొడుతె నువ్వు గట్లనే గొడుతుంటివి. శానా దినాల సంది."

"మరి నాకెందుకు జెప్పలే?"

ఇదే కుండ దగ్గర చెప్పబోతే నోరు మూయించావు కదా అని ఆయన అనవచ్చు. అని ఉంటే నాకు తేలికయ్యేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన చేతులు తుడుచుకుంటూ, నిజంగానే ఆలోచించి జవాబిచ్చాడు.

"పాటల గట్లనే ఉంటదేమో అనుకున్న. నువ్వు సదువుకున్నదానివి. నాకు గుడ్డ నేసుడు తప్ప ఏమెర్క?"

అందులో ఎత్తిపొడుపు లేదు. అలాంటివి మా బాపుకు రావు. మూడు నెలల కింద నేనన్న మాటను ఆయన నిజమని నమ్మి దాచుకున్నాడు. పదహారు సాంచాల మోతలో ఒక్క పట్టీ సాగితే వినగలిగిన చెవి ఆయనది. ఆ చెవికి తప్పని తెలిసినదాన్ని, కూతురు అన్నందుకు, పాట అనుకున్నాడు. గుమాస్తా చేత తిట్లు తిన్నాడు, నాడెకు చెయ్యి పెట్టి కూర్చున్నాడు. జీవితంలో ఎంతోమందిని చూసి మొహం తిప్పుకున్నదాన్ని, ఆ సాయంత్రం నన్ను చూసి నాకు కలిగినంత అసహ్యం ఎవరిని చూసీ కలగలేదు. గ్లాసు అలాగే కుండ మీద పెట్టేశాను.

బాపు లోపలికి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు. ఆ కార్ఖానాలో ఏ సాంచకు ఏ పట్టీ కట్టాలన్నా ఎవరినీ అడగని మనిషి, నా మొహం చూసి, కొంచెం వెనకాడుతూ అడిగాడు.

"ఇగ ఆ పట్టీ గుంజి కట్టాల్నా బిడ్డా?"

"కట్టు బాపూ," అన్నాను.

వెళ్ళి కట్టాడు. రెండు నిమిషాలు పట్టింది.